విండోస్ 8 కేస్ స్టడీ: స్టార్ట్ మెనూ తీసేస్తే దానితోపాటు ఏమేం పోయాయి

2012 అక్టోబర్ 26న మైక్రోసాఫ్ట్ మార్కెట్లోకి తెచ్చిన విండోస్ 8 గురించి ఇప్పటికీ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అంత తలనొప్పి విండోస్ ఇంకోటి రాలేదన్నది ఒకటి. పాత లాప్‌టాప్ మీద కూడా చకచకా నడిచింది, జనానికే అలవాటు చేసుకునే ఓపిక లేకపోయిందన్నది రెండోది. ఈ ఇద్దరూ ఒకే వస్తువు గురించి మాట్లాడటం లేదు. మెచ్చుకున్నవాళ్లు ఎక్కువగా మెచ్చింది లోపలి భాగాన్ని: బూట్ వేగం, టాస్క్ మేనేజర్, ఫైల్ కాపీ, డిఫెండర్ అనే యాంటీవైరస్ వగైరా. తిట్టినవాళ్లు తిట్టింది షెల్‌ను, అంటే కంటికి కనబడే, చేతికి తగిలే పై పొరను. కాబట్టి "యూజర్ల స్పందన మిశ్రమం" అని రాసి ఊరుకుంటే సపోర్ట్ చేసేవాళ్లకు గానీ డిజైన్ చేసేవాళ్లకు గానీ ఒరిగేదేమీ లేదు. దెబ్బ ఎవరికి, ఏ పని దగ్గర తగిలింది, ఏ సెట్టింగ్‌తో ఎంత నయమైంది అన్నది విడదీసి చూడాలి.

మార్పు ఏమిటి

స్టార్ట్ బటన్ పోయింది, మెనూ పోయింది. వాటి స్థానంలో తెర మొత్తాన్ని ఆక్రమించే స్టార్ట్ స్క్రీన్, దాని మీద టైల్స్ (ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో పలక) వచ్చాయి. డెస్క్‌టాప్ కూడా ఆ టైల్స్‌లో ఒకటిగా మారింది. తెర నాలుగు మూలలూ కనబడని బటన్లయ్యాయి: కింద ఎడమ మూల స్టార్ట్‌కి, పైన ఎడమ మూల తెరిచి ఉన్న యాప్‌లకి, కుడివైపు రెండు మూలలూ చార్మ్స్ అనే పట్టీకి. ఆ పట్టీలో సెర్చ్, షేర్, స్టార్ట్, డివైసెస్, సెట్టింగ్స్ అని అయిదు గుర్తులు.

ఇది రాత్రికి రాత్రి వచ్చింది కాదు. 2011 సెప్టెంబర్‌లో ఇచ్చిన డెవలపర్ ప్రివ్యూలో విండోస్ తన లోపలి సెట్టింగ్‌లను దాచుకునే రిజిస్ట్రీలో ఎక్స్‌ప్లోరర్ కీ కింద ఆర్‌పీఎనేబుల్డ్ అనే విలువను 0 చేస్తే పాత మెనూ మళ్లీ ప్రత్యక్షమయ్యేది. 2012 ఫిబ్రవరి 29న వచ్చిన కన్స్యూమర్ ప్రివ్యూలో ఆ దారి మూసేశారు. మూసేసింది కావాలనే అని మా అభిప్రాయం. వెనక్కి వెళ్లే స్విచ్ ఉంటే ఆఫీసులన్నీ మొదటి రోజే దాన్ని వేస్తాయి, ఇక టచ్ యాప్‌లు రాసేవాడే ఉండడు. ఐప్యాడ్ వచ్చి రెండేళ్లయిన కాలం అది. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కాకపోతే దానికి మూల్యం కట్టింది మౌస్ పట్టుకున్నవాడు.

లెక్క సరైనదే, అడిగిన ప్రశ్నే తేడా

అప్పటి విండోస్ విభాగం అధిపతి స్టీవెన్ సినోఫ్‌స్కీ బృందం ఈ మార్పుకు కారణాలను అంకెలతో సహా బయటపెట్టింది. అంతకుముందరి విస్టాతో పోలిస్తే విండోస్ 7లో స్టార్ట్ మెనూ తెరవడం 11 శాతం తగ్గిందన్నారు. టాస్క్‌బార్ మీద మూడు లేదా అంతకంటే ఎక్కువ ప్రోగ్రాములు పిన్ చేసుకున్నవాళ్లు 85 శాతం ఉంటే, స్టార్ట్ మెనూలో అన్ని పిన్ చేసుకున్నవాళ్లు 23 శాతమే అన్నారు. జనం రోజువారీ ప్రోగ్రాములకు టాస్క్‌బార్ వైపు మళ్లారన్నది దాని సారాంశం. అందులో తప్పు లేదు.

కానీ ఎన్నిసార్లు తెరిచారన్న లెక్కకు, అది లేకపోతే ఏం ఆగిపోతుందన్న ప్రశ్నకు సంబంధం తక్కువ. రోజూ వాడే అయిదారు ప్రోగ్రాములు టాస్క్‌బార్‌కు వెళ్లిపోయాక మెనూలో మిగిలేవి అరుదుగా వాడేవే: ప్రింటర్ సెట్టింగ్, కంట్రోల్ ప్యానెల్, నెలకోసారి తెరిచే అకౌంటింగ్ టూల్, షట్‌డౌన్. వాటి పేర్లు ఎవరికీ గుర్తుండవు, చూస్తే గుర్తుపడతారు. మెనూ చేసిన అసలు పని అదే. దానికితోడు ఈ అంకెలు తమ వాడకం వివరాలు పంపడానికి ఒప్పుకున్నవాళ్ల నుంచి వచ్చాయి. ఆఫీసు నెట్‌వర్క్‌లలో ఆ పంపకాన్ని అడ్మిన్, అంటే నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగి, ఆపేసి ఉంచడం మామూలే. అంటే మెనూను ఎక్కువగా నమ్ముకున్నవాళ్ల వాటా లెక్కలో పలచబడి ఉండాలి.

విభజన రేఖ ఎక్కడ

కొత్తవాళ్లు సులువుగా నేర్చుకుంటారు, పాతకాపులు గొణుగుతారు అని ముందు అనుకున్నారు. జరిగింది వేరు. యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2012 నవంబర్‌లో, కంప్యూటర్ బాగా వాడిన 12 మందితో చేసిన పరీక్ష తర్వాత, ఇది కొత్తవాళ్లకూ ఆరితేరినవాళ్లకూ ఇద్దరికీ నిరాశే మిగిల్చిందని రాశాడు. ఒకే మెషీన్‌లో రెండు లోకాలు ఉండటం, గుర్తులు కనబడకుండా దాచడం, తెర మీద సమాచారం పలచబడటం అతను ఎత్తిచూపినవాటిలో ముఖ్యమైనవి.

సపోర్ట్ వైపు నుంచి చూస్తే విభజన అనుభవం దగ్గర కాదు, చేతి అలవాటు దగ్గర పడింది. విండోస్ కీ నొక్కి పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టే అలవాటున్నవాడికి విండోస్ 7కీ 8కీ పెద్ద తేడా లేదు. తెర ఒక్క క్షణం నిండిపోతుంది, అంతే. పైగా విండోస్ కీ + ఎక్స్ అనే కొత్త మెనూలో డివైస్ మేనేజర్, డిస్క్ మేనేజ్‌మెంట్, కమాండ్ ప్రాంప్ట్ అన్నీ ఒకేచోట దొరికాయి; అడ్మిన్‌లకు విండోస్ 8 ఇచ్చిన మంచి కానుక అది. టచ్ తెర ఉన్నవాడికి అంచు నుంచి వేలు లాగడం సహజంగానే అబ్బింది. మిగిలినవాడు మౌస్‌తో మెనూ తెరిచి, చూసి, ఎంచుకునేవాడు. ఇతను ఇరవయ్యేళ్లుగా కంప్యూటర్ వాడుతున్నా, నిన్ననే కొన్నా ఒకటే ఇబ్బంది. 2012లో అమ్ముడైన పీసీల్లో అత్యధికం టచ్ లేనివే కాబట్టి ఇతనే ఎక్కువమంది.

రెండు చోట్ల దగ్గరగా

షట్‌డౌన్ చూడండి. విండోస్ 7లో స్టార్ట్, షట్‌డౌన్: రెండు క్లిక్‌లు. విండోస్ 8లో మౌస్‌ను కుడి మూలకు తోసి ఒక క్షణం ఆగాలి. అయిదు గుర్తులూ మసకగా తేలతాయి. అప్పుడు మౌస్‌ను అంచు వెంటే నిలువుగా కదపాలి; కాస్త పక్కకు జరిగితే పట్టీ మాయమై కథ మొదటికొస్తుంది. పట్టీ నలుపు రంగులో నిలబడ్డాక సెట్టింగ్స్, అందులో పవర్, అందులో షట్‌డౌన్. సైన్ అవుట్ మాత్రం అక్కడ ఉండదు. స్టార్ట్ స్క్రీన్ మీద మన పేరు నొక్కితే వస్తుంది. ఫోన్‌లో సాయం చేసేటప్పుడు మూలల గురించి వివరించబోతే పావుగంట గడిచిపోతుంది. అందుకే పద్ధతి ఇలా స్థిరపడింది: మూలల మాట ఎత్తొద్దు, కీలే చెప్పాలి. విండోస్ కీ + ఐ నొక్కితే నేరుగా సెట్టింగ్స్ పట్టీ, అందులో పవర్. డెస్క్‌టాప్ మీద ఉంటే ఆల్ట్ + ఎఫ్4 ఇంకా దగ్గర దారి.

చాలామంది డెస్క్‌టాప్ మీద షట్‌డౌన్ షార్ట్‌కట్ చేసి పెట్టారు. అక్కడొక మెలిక ఉంది. షట్‌డౌన్ కమాండ్‌కు /ఎస్, /టి 0 మాత్రమే ఇస్తే మెషీన్ పూర్తిగా ఆరిపోతుంది, మర్నాడు బూట్ నెమ్మదిగా అవుతుంది. "కొన్నప్పుడు వేగంగా వచ్చేది, ఇప్పుడు పాడైంది" అన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఈ షార్ట్‌కటే. /హైబ్రిడ్ అనే స్విచ్ కూడా కలిపితే మామూలు బటన్ చేసే పనే చేస్తుంది; ఆ పని ఏమిటో కింద చూద్దాం.

రెండోది ఫొటో మీద డబుల్ క్లిక్. డెస్క్‌టాప్‌లో ఫోల్డర్ తెరిచి ఒక ఫొటో నొక్కితే కళ్ల ముందున్న కిటికీలన్నీ పోయి ఫొటోస్ యాప్ తెర మొత్తం పరుచుకునేది. పీడీఎఫ్ నొక్కితే రీడర్ యాప్ అదే చేసేది. పైన మూసే గుర్తు లేదు, కింద టాస్క్‌బార్ లేదు. మౌస్‌ను పై అంచు నుంచి పట్టుకుని కింది దాకా ఈడ్చి వదిలితే యాప్ మూతబడుతుందని ఎవరికి తోస్తుంది? పవర్ బటన్ నొక్కిపట్టి మెషీన్ ఆపేసినవాళ్లున్నారంటే ఆశ్చర్యం లేదు. దీని మందు మాత్రం చాలా చవక. కంట్రోల్ ప్యానెల్‌లో డిఫాల్ట్ ప్రోగ్రామ్స్ తెరిచి, విండోస్ ఫొటో వ్యూయర్‌ను ఎంచుకుని అన్ని ఫైల్ రకాలకూ డిఫాల్ట్ చేయాలి. పీడీఎఫ్‌కు ఏదైనా డెస్క్‌టాప్ రీడర్ వేసి దానికి అప్పగించాలి. ఆఫీసులో వందల మెషీన్లుంటే ఒక మెషీన్‌లో ఇలా సర్ది, డిజమ్ అనే కమాండ్ టూల్‌తో ఆ జాబితాను ఎక్స్‌ఎమ్ఎల్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయాలి. దాన్ని డిజమ్‌తోనే ఇంపోర్ట్ చేస్తే కొత్తగా లాగిన్ అయ్యే యూజర్లకే వర్తిస్తుంది, ఉన్నవాళ్లకు కాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అందరికీ వర్తించాలంటే గ్రూప్ పాలసీలో (ఆఫీసు మెషీన్లన్నిటికీ ఒకేచోటి నుంచి సెట్టింగ్‌లు పంపే పద్ధతి) డిఫాల్ట్ అసోసియేషన్స్ ఫైల్‌గా ఇవ్వాలి, అందుకు మెషీన్ ఆఫీసు సర్వర్ నడిపే డొమైన్‌లో ఉండాలి. మా లెక్కలో తొలి వారం గందరగోళాన్ని అన్నిటికంటే ఎక్కువ తగ్గించే పని ఇదొక్కటే. స్టార్ట్ మెనూ లేదని తిట్టేవాళ్లలో చాలామందిని నిజంగా బెదరగొట్టింది అడగకుండా తెర మారిపోవడం.

చిన్నవే కానీ విసిగించినవి

సెర్చ్‌ను యాప్‌లు, సెట్టింగ్‌లు, ఫైళ్లు అని మూడు ముక్కలు చేశారు. "డివైస్ మేనేజర్" అని టైప్ చేస్తే యాప్‌లలో ఏమీ లేదని పెద్ద అక్షరాలతో వచ్చేది. పక్కన సెట్టింగ్స్ ఎదురుగా చిన్న అంకె మెరిసేది. దాన్ని గమనించనివాడు ఆ టూల్‌ను తీసేశారనే అనుకుంటాడు. విండోస్ కీ + డబ్ల్యూ నేరుగా సెట్టింగ్‌లలో వెతుకుతుందని చెబితే ఆ బాధ తీరేది.

ఇంకో మెషీన్ తెరను చూపే రిమోట్ డెస్క్‌టాప్‌ను చిన్న కిటికీలో తెరిచేవాళ్లకు మూలలు అసలు దొరికేవే కావు. మౌస్ కిటికీ దాటి బయటికి జారిపోతుంది. విండోస్ సర్వర్ 2012కీ ఇదే షెల్ తగిలించారు. సర్వర్ గదిలో టచ్ తెర ఎవరు పెడతారో ఆ దేవుడికే తెలియాలి.

నెట్‌బుక్‌ల (చిన్న, చవక లాప్‌టాప్‌ల) సంగతి మరీ అన్యాయం. కొత్త యాప్‌లు నడవాలంటే తెర కనీసం 1024×768 ఉండాలి, రెండు యాప్‌లు పక్కపక్కన పెట్టాలంటే 1366×768. 1024×600 తెర ఉన్న నెట్‌బుక్‌లో స్టోర్ కూడా తెరుచుకోదు. రిజిస్ట్రీలో డిస్‌ప్లే1_డౌన్‌స్కేలింగ్‌సపోర్టెడ్ అనే విలువ ఎక్కడ కనిపిస్తే అక్కడ 1 చేసి రీస్టార్ట్ చేస్తే పెద్ద రిజల్యూషన్ దొరికేది. కానీ అక్షరాలు నొక్కుకుపోయి కళ్లు లాగుతాయి. రోజంతా పని చేయడానికి పనికిరాదు.

మెచ్చుకున్న వాటిలోనూ ముల్లు

బూట్ వేగం అందరూ ఒప్పుకున్న గొప్ప. దాని కిటుకు హైబ్రిడ్ షట్‌డౌన్. యూజర్‌ను లాగ్ అవుట్ చేసి, కర్నెల్ (విండోస్ కేంద్ర భాగం) సెషన్‌ను మాత్రం డిస్క్ మీది హైబర్‌నేషన్ ఫైల్‌లో దాచేస్తుంది, తిరిగి ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచి ఎత్తుకుంటుంది. ఫలితంగా రోజూ షట్‌డౌన్ చేసే మెషీన్ కూడా వారాల తరబడి అసలు రీస్టార్ట్ కాకుండా ఉండొచ్చు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర అప్ టైమ్ చూస్తే తెలిసిపోతుంది. డ్రైవర్ మొరాయిస్తే "ఆపి మళ్లీ ఆన్ చేయండి" అన్న పాత సలహా ఇక్కడ చెల్లదు. రీస్టార్ట్ అని చెప్పాలి. లైనక్స్‌తో డ్యూయల్ బూట్ పెట్టుకున్నవాళ్లకు విండోస్ పార్టిషన్ రాయడానికి వీల్లేకుండా కనిపించేది కూడా ఇందుకే. నెట్‌వర్క్ నుంచి మెషీన్‌ను లేపే వేక్ ఆన్ లాన్ కూడా ఇలా ఆరిన మెషీన్‌ను లేపలేదు. ఈ మూడింటిలో ఏదున్నా పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ల పేజీకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయడం మేలు.

బూట్ ఎంత వేగమైందంటే సేఫ్ మోడ్ (కనీస అవసరాలతోనే విండోస్ లేచే మరమ్మతు దారి) కోసం ఎఫ్8 నొక్కే సందు లేకుండా పోయింది. అందుకు షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కడం దగ్గర దారి. మెషీన్ అసలు లాగిన్ తెర దాకానే రాకపోతే? అందుకని ముందే బీసీడీఎడిట్ అనే కమాండ్‌తో బూట్‌మెనూపాలసీని లెగసీకి మార్చి, ఎఫ్8 మళ్లీ పనిచేసేలా పెట్టుకునే టెక్నీషియన్లు చాలామంది.

తెలుగు టైప్ చేసేవాళ్లకు ఈ విండోస్ ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంది. నిర్మల యూఐ అనే కొత్త ఫాంట్ దీనితోనే వచ్చింది. పాత గౌతమి ఫాంట్‌తో పోలిస్తే చిన్న సైజులో తెలుగు స్పష్టంగా కనిపిస్తుంది. భాష మార్చడానికి విండోస్ కీ + స్పేస్ సులువు. అయితే అంతకుముందు ఒక్కో కిటికీకి ఒక్కో భాష గుర్తుండేది. వర్డ్‌లో తెలుగు, బ్రౌజర్‌లో ఇంగ్లిష్ పెట్టుకుని అటూ ఇటూ తిరగొచ్చు. విండోస్ 8 దాన్ని అన్ని కిటికీలకూ ఉమ్మడి చేసింది. బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ కొడితే తెలుగు అక్షరాలు పడతాయి, చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఎందుకు తప్పు అంటోందో అర్థం కాదు. కంట్రోల్ ప్యానెల్, లాంగ్వేజ్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ప్రతి యాప్ కిటికీకి వేరే ఇన్‌పుట్ పద్ధతి అన్న టిక్ పెడితే పాత తీరు తిరిగొస్తుంది. ఆ టిక్ ఉందని తెలిసినవాళ్లు బహు తక్కువ.

ఒక్కొక్కటే తిరిగొచ్చిన తీరు

కంపెనీ కంటే ముందు బయటివాళ్లు కదిలారు. క్లాసిక్ షెల్ ఉచితంగా, స్టార్‌డాక్ వారి స్టార్ట్8 అయిదు డాలర్ల లోపు ధరకు పాత మెనూ ఇచ్చాయి. 2013 ఆగస్టులో లెనోవో తన కంప్యూటర్లలో పొక్కీ అనే స్టార్ట్ మెనూను ముందే వేసి అమ్మడానికి ఒప్పందం చేసుకుంది. కంప్యూటర్ తయారీదారుడే మెనూను బయటి నుంచి తెచ్చి అతికించాల్సి రావడం మామూలు సంగతి కాదు.

2013 అక్టోబర్ 17న విండోస్ 8.1 వచ్చింది. స్టార్ట్ బటన్ తిరిగొచ్చింది గానీ నొక్కితే అదే స్టార్ట్ స్క్రీన్. కొందరికి ఇది వెక్కిరింతలా అనిపించింది. నిజానికి ఆ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే షట్‌డౌన్ ఉంటుంది, అది చాలా పెద్ద సాయం. సెర్చ్ మూడు ముక్కలూ ఒకటయ్యాయి. ఇక అసలు సరుకు టాస్క్‌బార్ ప్రాపర్టీస్‌లోని నావిగేషన్ ట్యాబ్. టచ్ లేని మెషీన్‌కు మేం సూచించే అమరిక ఇది: సైన్ ఇన్ అయ్యాక నేరుగా డెస్క్‌టాప్‌కు వెళ్లే టిక్ పెట్టండి. పై మూలలు రెండింటి టిక్‌లూ తీసేయండి, మౌస్ పొరపాటున తగిలి పట్టీలు ఊడిపడే గొడవ పోతుంది. డెస్క్‌టాప్ వాల్‌పేపరే స్టార్ట్ వెనక కనిపించే టిక్ పెట్టండి. ఈ చివరిది అలంకారంలా కనిపిస్తుంది కానీ పని చేసేది ఇదే: వాల్‌పేపర్ మారకపోతే ఎక్కడికో వెళ్లిపోయామన్న బెదురు ఉండదు. ఆపై స్టార్ట్ నొక్కగానే యాప్‌ల జాబితా చూపే టిక్, అందులో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు ముందు వచ్చే టిక్. ఈ అమరికతో 8.1 దాదాపు విండోస్ 7లాగే నడుస్తుంది.

ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో ఒక మెషీన్ స్టార్ట్ లేఅవుట్‌ను పవర్‌షెల్ కమాండ్‌తో ఎక్స్‌ఎమ్ఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పాలసీతో అందరికీ పంచే వీలు కూడా వచ్చింది. కాకపోతే అలా పంచితే యూజర్ ఒక్క టైల్ కూడా కదపలేడు. క్లాస్‌రూమ్, కౌంటర్ మెషీన్లకు బాగుంటుంది; ఉద్యోగుల సొంత లాప్‌టాప్‌లకు పెడితే కొత్త ఫిర్యాదు కొని తెచ్చుకున్నట్టే.

2014 ఏప్రిల్ 8న వచ్చిన 8.1 అప్‌డేట్‌తో స్టార్ట్ స్క్రీన్ మీద పవర్ బటన్, స్టోర్ యాప్‌లకు పైన మూసే గుర్తు, యాప్‌లో ఉన్నా కింద టాస్క్‌బార్ వచ్చాయి. ఆ అప్‌డేట్ (కేబీ2919355) వేసే ముందు కేబీ2919442 అనే ఇంకో అప్‌డేట్ వేసి ఉండాలి, లేకపోతే మొరాయిస్తుంది. హైదరాబాద్‌లో పెరిగిన సత్య నాదెళ్ల ఆ ఫిబ్రవరి 4నే మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. ఆయన వచ్చాకే స్టార్ట్ బటన్ తెచ్చారని అనుకుంటే తేదీలు ఒప్పుకోవు. అప్పటికి బటన్ వచ్చి మూడు నెలలు దాటింది.

అమ్మకాల అంకెలతో వాదన తేలదు. మొదటి ఆరు నెలల్లో 10 కోట్ల లైసెన్సులు అమ్మామని కంపెనీ చెప్పింది. అందులో తయారీదారులకు వెళ్లినవీ ఉంటాయి. 2013 మొదటి మూడు నెలల్లో ప్రపంచవ్యాప్తంగా పీసీల సరఫరా ఏడాది క్రితంతో పోలిస్తే 13.9 శాతం పడిపోయిందని మార్కెట్ పరిశోధన సంస్థ ఐడీసీ తేల్చి, అందులో కొంత నిందను విండోస్ 8 మీదే వేసింది. ట్యాబ్లెట్లు తినేసిన వాటా ఎంత, ఈ షెల్ తరిమేసిన వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. 2015 జులై 29న విండోస్ 10తో మెనూ, పక్కన టైల్స్‌తో సహా, తిరిగి తన చోటికి వచ్చింది.

2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చినప్పుడు ఈ కేస్ చదివినవాళ్లకు కొత్తగా ఏమీ అనిపించలేదు. టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేస్తే టాస్క్ మేనేజర్ లేదు, ఫైల్‌ను టాస్క్‌బార్ మీదికి లాగి వదిలే వీలు లేదు, కిటికీల పేర్లు విడివిడిగా చూపే ఆప్షన్ లేదు. మొదటి రెండూ 2022లో, మూడోది 2023లో వెనక్కొచ్చాయి. ఫైల్ మీద రైట్ క్లిక్ మెనూ మాత్రం ఇప్పటికీ రెండు అంచెలే; పాతది ఒక్క దెబ్బకు కావాలంటే ఫైల్‌ను ఎంచుకుని షిఫ్ట్ + ఎఫ్10 నొక్కాలి.